బొట్టు లేని డిస్కు

“పదిహేను నిమిషాలు. పదహారో నిమిషానికి నువ్వు నా స్టేషన్‌ల కనపడొద్దు,” అన్నాడు సీఐ భానుప్రసాద్, గోడ గడియారం వైపు వేలెత్తి.

గడియారంలో పదకొండుంబావు. సుమన కుర్చీ కోసం చూడలేదు. ఆయన కూర్చోమనడని ఆమెకు తెలుసు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బ్యాచి ఎస్సైలు. నాలుగేళ్ల కిందట ఆమె ఉద్యోగం వదిలేసి నిజామాబాద్‌లో సొంత డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. తెరిచి ఊరుకోకుండా, భానుప్రసాద్ పట్టుకున్న ఇద్దరు దొంగలు దొంగలే కాదని తేల్చింది. అప్పటి నుంచి ఆమె పేరు వింటేనే ఆయనకు ఒళ్లు మంట. మండదా మరి?

“ముద్దాయితో మాట్లాడాలె, కంప్యూటర్ తెరిచి చూడాలె. రెండింటికీ పర్మిషన్ ఉంది సార్. సంతకం మీ పై ఆఫీసర్‌ది,” అంటూ సుమన కాగితం బల్ల మీద పెట్టింది.

“సంతకం ఆయనది. కేసు నాది. నిన్న నాలుగింటికి అరెస్టు చేసిన. ఇయ్యాల నాలుగింటి లోపల కోర్టుల నిలబెడుత. సీదా జైలుకు పోతడు. అంతలకు నువ్వేం తవ్వుకుంటవో తవ్వుకో.”

లాకప్ ముందు హెడ్ కానిస్టేబుల్ హన్మండ్లు నిలబడి ఉన్నాడు. భారీ మనిషి. ఆ స్టేషన్‌లో సుమనను చూసి నవ్విన ముఖం అదొక్కటే. చెమట తుడుచుకుంటున్న చేతిరుమాలు మీద పచ్చటి మరక, దాని మధ్యలో కాస్త ఎరుపు.

“ఏందన్నా, పొద్దుగాల్నే పూజనా?” అంది సుమన మర్యాదకు.

“హనుమాన్ గుడికి పోనిది నేను చాయ గూడ ముట్ట మేడం,” అన్నాడు హన్మండ్లు తాళం తీస్తూ.

లోపల గోడకు ఒరిగి మహేష్ కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్లవాడు. బోధన్‌లో చిన్న కంప్యూటర్ రిపేరు దుకాణం. చెరుకు లారీలను తూచే కాంటాలో ఆపరేటర్ రామ్‌దాస్‌ను మంగళవారం పొడిచి చంపాడని అతని మీద కేసు. తల్లి దేవవ్వ బీడీలు చుట్టి అతన్ని చదివించింది. ఆమె ఇప్పుడు కూడా స్టేషన్ బయటే చేట ఒళ్లో పెట్టుకుని ఆకు చుడుతోంది. పని ఆగితే కొడుకు మీదికే ధ్యాస పోతుందని భయం. “నా కొడుకు కోడిని కొయ్యమంటేనే మొకం తిప్పుకుంటడు బిడ్డా. వాడు మనిషిని పొడుస్తడా?” అని పొద్దున సుమన చేతులు పట్టుకుంది.

“మంగళవారం కాంటాకు ఎన్నింటికి పోయినవ్?” అని సుమన నేరుగా మొదలుపెట్టింది.

“పన్నెండు నలభైకి అక్కా.”

“ఎవరు పిలిచిండ్రు?”

“రామ్‌దాస్ అన్న. కాంటా ఆపరేటర్. సోమవారం సంది మూడు ఫోన్లు జేసిండు. ఆ కంప్యూటర్ పన్నెండేండ్ల పాతది. కెమెరాలు రెండు, డిస్కు ఒక్కటే. అయిదు రోజులల్ల నిండిపోతది. నిండితే పాత రికార్డింగు మీదనే కొత్తది ఎక్కుతది. ఇంకో డిస్కు పెట్టు, మంగళవారమే పెట్టు, బుధవారానికి శుక్రవారంది కొట్టుకపోతది అన్నడు.”

“శుక్రవారందే ఎందుకు?”

“నేను అడగలే. ఆ ఒక్కరోజుది మొత్తం కొత్త దాంట్లకు జరుపుమన్నడు. జరిపిన.”

సుమనకు ఆ శుక్రవారం గుర్తుంది. పోయిన శుక్రవారం సాయంత్రం ఆరు ఇరవైకి, అదే కాంటా ముందు, చెరుకు నరికి ఇంటికి పోతున్న లింగవ్వ అనే కూలీని కారు గుద్ది పోయింది. ఆమె అక్కడే చచ్చిపోయింది. గుర్తు తెలియని వాహనం అని ఈ స్టేషన్‌లోనే రాసుకున్నారు. పేపర్లో నాలుగు లైన్ల వార్త.

“డిస్కు ఎట్ల పెట్టినవ్? ఒక్కటి గూడ విడవకుంట చెప్పు.”

మహేష్ ముఖంలో అప్పుడు కాస్త ప్రాణం వచ్చింది. పనివాణ్ని పని గురించి అడిగితే అంతే. “డబ్బా పక్క మూత తీసిన. బోర్డు మీద జాగ ఉంది గని, డిస్కుకు కరెంటు ఇయ్యనీకి వైరు లేదు. పాత సీడీ డ్రైవ్ ఉండె, ఎవలు వాడరు. దాని వైరు గుంజి కొత్త డిస్కుకు ఇచ్చిన. వైర్లన్ని కలిపి బీడీ దారం తోని కట్టిన. మా ఇంట్ల దారానికేం తక్కువ అక్కా.”

“నేరుగా బిగించినవా?”

“బిగియ్యబోతుంటే రామ్‌దాస్ అన్న ఆగుమన్నడు. కొత్త వస్తువుకు బొట్టు పెట్టనిది ఎట్ల లోపల పెడుతవ్ అన్నడు. తడి తగిలితే ఖరాబైతది అన్న. ఇనలే. లక్ష్మీదేవి ఫొటో కాడ పసుపు, కుంకుమ ఉంటే నీళ్లు కలిపి, మీది రేకంతా పసుపు రాసి నడుమ బొట్టు పెట్టిండు. ఆరేదాక ఫ్యాను కింద పట్టుకొని నిలబడ్డ. పూర్తిగ ఆరలే, అట్లనే తోసిన.”

వెనక నుంచి భానుప్రసాద్ నవ్వాడు. “అంటే డిస్కుకు పెండ్లి జేసిండ్రు. బాసింగం గూడ కట్టిండ్రా?”

హన్మండ్లు నవ్వలేదు. చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకుని, “సార్, చాయ చెప్పాల్నా?” అంటూ బయటికి పోయాడు.

“రికార్డింగు షురూ అయింది చూసినవా?”

“ఒకటి ముప్పై అయిదుకు, కొత్త డిస్కుల ఎక్కుతున్నట్టు తెర మీద ఎర్ర చుక్క వచ్చింది. ఇద్దరం చూసినం. ఒకటి యాభైకి బయలుదేరిన. స్క్రూ డ్రైవర్ అక్కడ్నే మర్చిపోయిన.”

“మర్చిపోలేదు, రామ్‌దాస్ మెడల పెట్టి పోయినవ్,” అని భానుప్రసాద్ ముందుకు వచ్చాడు. “దాని మీద నీ వేలిముద్రలు. రెండు నుంచి మూడు నడుమ సచ్చిండని డాక్టర్ అంటుండు. మూడుంబావుకు దుకాణం తెరిచేదాక నువ్వు యాడున్నవో ఒక్క సాక్షి లేడు. ఇగ నీ కొత్త డిస్కు. బుధవారం పొద్దున నా కండ్ల ముందల ఆన్ చేసి చూసినం. ఖాళీ. నిమిషం రికార్డింగు లేదు. చంపదలుచుకున్నోడు ముందుగాల కెమెరాను గుడ్డిది చేస్తడు. ఆ పని తెలిసినోడివి ఆ గదిల నువ్వొక్కనివే.”

“ఖాళీ ఎట్లుంటది సార్? నా చేతులతోని శుక్రవారంది దాంట్లకు జరిపిన. తక్కువల తక్కువ అదన్న ఉండాలె గద?”

“పదహారో నిమిషం,” అన్నాడు సీఐ.

బయటికి వస్తే దేవవ్వ ఒక తెల్ల కారు నీడలో కూర్చుని ఉంది. “హన్మండ్లు సాబ్ ఎండల ఎందుకవ్వా, నా కారు నీడకు కూసో అన్నడు,” అంది. కారు పాతది. ముందు లైటు ఒకటి పచ్చబడి మసకబారింది. రెండోది నిన్నో మొన్నో కొన్నట్టు తళతళమంటోంది. సుమన దాన్ని చూసింది, జీపు హారన్ మోగితే పరుగెత్తింది. తర్వాత ఆ పరుగును తలుచుకుని తనను తాను చాలా తిట్టుకుంది.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడి చెరుకంతా దూరం పోతోంది. ఆ లారీలకు ఎడపల్లి దాటాక తుకారాం కాంటాయే దిక్కు. మంగళవారం నుంచి అది మూసి ఉంది. పన్నెండింటికి జీపు ఆగేసరికి, యజమాని తుకారాం గేటు దగ్గర ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు.

“ఇంకెన్ని దినాలు సార్ ఈ కిరికిరి? లారీలు తిరిగిపోతున్నయి.”

“మనిషి పోయిండు. లారీలు పోతే ఏమైతది?” అంది సుమన. “నువ్వు ఎన్నింటికి చూసినవ్?”

“నువ్వెవరు నన్ను అడగనీకి?”

“చెప్పు,” అన్నాడు భానుప్రసాద్ చిరాగ్గా. సుమన మీద కన్నా ఆయనకు ఎండ మీద ఎక్కువ కోపంగా ఉంది.

“తినొచ్చేసరికి మూడు పది. కుర్చీల అట్లనే వాలిపోయి ఉండె. మూడు పన్నెండుకు స్టేషన్‌కు ఫోన్ జేసిన. మూడు ఇరవైకి హన్మండ్లు సాబ్ వచ్చిండు. సీఐ సార్ మూడు ముప్పావుకు వచ్చిండు.”

“మనం స్టేషన్ నుంచి రానీకి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. హన్మండ్లు ఎనిమిది నిమిషాలల్ల ఎట్ల వచ్చిండు?” అంది సుమన.

“బీటుల ఉన్నడు,” అని సీఐ మధ్యలోనే కత్తిరించాడు. “నా స్టాఫ్ మీద పడకు.”

“ఆ రెండో డిస్కు నేను పెట్టమన్లే,” అన్నాడు తుకారాం ఎవరూ అడగకుండానే. “రామ్‌దాసే తెప్పిచ్చుకున్నడు. సచ్చే ముందర మూడు దినాలు వాడు మనిషి తీరుగ లేకుండె. స్టేషన్‌కు పోయొచ్చిన, చెప్పొచ్చిన అన్నడు. ఏం చెప్పినవ్ర అంటే నోరు తెరవలే.”

“స్టేషన్‌కా? ఎప్పుడు?” సీఐ తల తిప్పాడు.

“సోమవారం సార్.”

“నా దగ్గరికి ఎవడూ రాలే.”

సుమన ఆ మాట పుస్తకంలో రాసుకుంది. రాసుకుంటున్నదని భానుప్రసాద్ చూశాడు.

గది చిన్నది. బల్ల, కుర్చీ, పాత కంప్యూటర్. గోడకు లక్ష్మీదేవి ఫొటో, దాని కింద అరలో రెండు కుంకుమ భరిణెలు, ఒక ఖాళీ అట్టపెట్టె. కంప్యూటర్ డబ్బా పక్క మూతకు బట్ట చుట్టి, మర మేకుల మీద లక్క పోసి ముద్ర వేసి ఉంది. ముద్ర చెక్కుచెదరలేదు.

“చూసుకో. తర్వాత పగిలి ఉండె అనకు,” అని సీఐ తనే లక్క పగలగొట్టాడు. తుకారాం సాక్షి. సుమన మూత జరిపి టార్చి వేసింది.

రెండు డిస్కులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైదానికి వచ్చిన వైర్లు విడివిడిగా వేలాడుతున్నాయి. డబ్బా అడుగున, దుమ్ములో, రెండంగుళాల దారం ముక్కలు రెండు.

“కట్టిన అన్నడు గద మీ పోరడు. కట్టింది యాడుంది?”

“ఇగో, ఇక్కడుంది,” అని సుమన ముక్కను వెలుతురులో పట్టుకుంది. “దానంతట అది తెగితే కొస పీచు లేస్తది. దీని కొస చూడుండ్రి, నున్నగున్నది. బ్లేడు తోని కోసిండ్రు. పెట్టినోడు కట్టిండు. కోసింది ఇంకొకడు.”

“దారం చూపెట్టి జడ్జిని నమ్మిస్తవా?”

ఆమె జవాబు చెప్పకుండా మరలు విప్పి పై డిస్కును మెల్లగా బయటికి లాగింది. వెండి రంగు రేకు అద్దంలా ఉంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. పసుపు లేదు. బొట్టు లేదు.

“తుడుచుకపోయింది,” అన్నాడు భానుప్రసాద్.

“సార్, మనం పసుపు పండించేటోళ్లం. తుడిస్తే పోయే పసుపును ఎప్పుడన్న చూసిండ్రా?” సుమన డిస్కు కూర్చునే గూట్లోకి చూపుడు వేలు పెట్టి, ఇనుప అంచు వెంట రాసి, బయటికి తీసి ఆయన ముఖం ముందు పెట్టింది. వేలి కొస పచ్చగా ఉంది. “ఆరకముందే తోసిన అన్నడు గద. గూటికి అంటింది. గూటికి పసుపు ఉంది, డిస్కుకు లేదు. ఇది ఆ డిస్కు కాదు.”

“కథలు చెప్పకు.”

“నేను చెప్పను. మీరే చెప్పుండ్రి. మంగళవారం నాలుగున్నరకు పంచనామా రాసింది మీరే. మీరు నంబరు విడవరు, నాకు తెలుసు. రెండో డిస్కు నంబరు చదువుండ్రి.”

భానుప్రసాద్‌లో ఎన్ని చెడ్డగుణాలున్నా రాతపనిలో మాత్రం వంక పెట్టలేం. ఫైలు తీశాడు, కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆ రోజు డిస్కును గూట్లోంచి లాగకుండానే, దాని అంచున ఉన్న చీటీ చూసి నంబరు ఎక్కించాడు. “చివర ఏడు, ఏడు, ఒకటి, మూడు.”

సుమన డిస్కును ఆయన చేతిలో పెట్టింది.

ఆయన చదివాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. డిస్కు మీద చివర నాలుగు, నాలుగు, సున్నా, రెండు అని ఉంది.

“తప్పు రాసి ఉంట,” అన్నాడు.

సుమన అరలోని ఖాళీ అట్టపెట్టెను అందుకుని పక్కకు తిప్పింది. మహేష్ తెచ్చిన కొత్త డిస్కుది. దాని మీద అచ్చువేసిన నంబరు చివర ఏడు, ఏడు, ఒకటి, మూడు. “మీరు తప్పు రాయలే సార్. మీ రాతే ఆ పోరని ప్రాణం కాపాడింది.”

తుకారాం నోరు తెరుచుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

“రామ్‌దాస్ సచ్చే ముందరి గంట, పోయిన శుక్రవారం, రెండూ ఆ డిస్కులనే ఉన్నయి,” అంది సుమన. “మీరు సీలు వేసేటప్పుడు అది లోపలనే ఉండె. మీ పంచనామాల రెండు డిస్కులు ఎక్కినంక ఒకటి గుంజుకపోతే దొరికిపోతడు. అందుకే ఇంకోటి తెచ్చి పెట్టిండు. సీలు చెక్కుచెదరలే. అంటే తీసినోడే మళ్ల లక్క పోసి, అదే ముద్ర కొట్టిండు. ముద్ర ఎవరి దగ్గర ఉంటది?”

“నా బీరువాల.”

“తాళంచెవి?”

భానుప్రసాద్ ఫైలు మూశాడు. “హన్మండ్లు దగ్గర.”

“మంగళవారం రాత్రి ఈ గదికి కావలి ఎవరు?”

భానుప్రసాద్ ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు. ఆ రాత్రి కావలి కూడా అతనిదే. సుమన కళ్ల ముందు హన్మండ్లు చేతిరుమాలు మెదిలింది. పచ్చటి మరక, మధ్యలో ఎరుపు. హనుమంతుడి గుడిలో పెట్టేది సింధూరం. అక్కడ పసుపు ఎక్కడిది? ఊళ్లో చిన్నపిల్లనడిగినా చెప్పే సంగతి. తానేమో మర్యాదకు అడిగి, మర్యాదకు విని ఊరుకుంది. ఆ వెంటనే తెల్ల కారు గుర్తుకొచ్చింది. ఒక లైటు పాతది, ఒక లైటు కొత్తది.

“లింగవ్వను గుద్దింది అతని కారే,” అంది. పుస్తకంలో సోమవారం అని రాసుకున్న చోట వేలు పెట్టింది. “సోమవారం రామ్‌దాస్ స్టేషన్‌కు వచ్చి చెప్పింది గూడ అతనికే. ఆ కారు ఎవరిదో తెల్వక, పోలీసాయన కదా అని చెప్పుకున్నడు. మేక పోయి కసాయోన్ని నమ్మినట్టు.”

భానుప్రసాద్ అప్పటికే ఫోన్ చెవికి పెట్టాడు. “నేను. మహేష్‌ని లాకప్‌ల నుంచి తియ్యకుండ్రి. ఎవలు అడిగినా… ఏంది? ఎప్పుడు?” ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. అవతల స్టేషన్ కానిస్టేబుల్ గొంతు.

“పన్నెండుంబావుకే సార్. కోర్టుకు తీస్కపోతున్న, సీఐ సార్ చెప్పిండు అన్నడు. జీపు మీ దగ్గర ఉందని తన కారుల ఎక్కించుకున్నడు.”

“ఎంబడి ఎవలు పోయిండ్రు?”

“ఒక్కడే సార్. హన్మండ్లు సాబే గద అని…”

టైము పన్నెండు నలభై. కోర్టుకు ఇరవై నిమిషాల దారి. కోర్టులో డ్యూటీ కానిస్టేబుల్‌కు చేస్తే, ఎవరూ రాలేదన్నాడు. హన్మండ్లు ఫోన్ స్విచాఫ్.

నాలుగేళ్లుగా సుమనకు కుర్చీ వేయని మనిషి జీపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. “ఎక్కు సుమనా. జల్ది.”

జీపు రోడ్డెక్కింది. ఏ దిక్కు పోవాలో మాత్రం ఇద్దరికీ తెలియదు. “పసుపు సంగతి వాడు విన్నడు,” అన్నాడు భానుప్రసాద్, స్టీరింగ్ మీద పిడికిలి గుద్దుతూ. “నేను నవ్వుతుంటే వాడు నవ్వలే. నా పక్కనే ఉండి విన్నడు.”

అప్పుడు సుమన ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టింది. దేవవ్వ.

“బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. నువ్వు చెప్పినవో ఏమో గని, నా కొడుకు బయట పడుతుండు,” ఏడుస్తూ నవ్వుతోంది ముసలామె. “హన్మండ్లు సాబ్ చెవుల చెప్పిండు. ఎవరికి చెప్పకవ్వా, పోరడు తప్పు చెయ్యలేదని నాకెరుక, పెద్ద కాలువ తూము కాడ బేడీలు తీస్త, ఉరుకుమంట, నేను సూడనట్టుంట అన్నడు. నువ్వు మనోళ్ల మనిషివని నీకు చెప్తున్న.”

పారిపోతూ కాలువలో పడ్డ ముద్దాయి. ఆ ఒక్క వాక్యంతో రామ్‌దాస్ కేసు మూతపడుతుంది, డిస్కు మాట మళ్లీ ఎత్తేవాడు ఉండడు. భానుప్రసాద్‌కు వేరే చెప్పే పని లేకపోయింది. అప్పటికే బండిని కాలువ వైపు తిప్పాడు.

“అవ్వా,” అంది సుమన. “ఇంకేమన్న చెప్పిండా? యాది చేసుకో.”

“ఇంకేం లేదు బిడ్డా. దేవుడసొంటోడు. పోయేటప్పుడు మల్ల నా కాడికొచ్చి, నీ కొడుక్కు ఈత వస్తదా అవ్వా అని గూడ అడిగిండు. రాదు సాబ్, నీళ్లంటేనే భయం, జర పైలంగ దింపు అని చెప్పిన.”